కట్ అయిందంతా పోలేదు.. చేతికొచ్చిందంతా మనది కాదు!

ఫ్రీలాన్సర్, కన్సల్టెంట్, కాంట్రాక్టు.. తొలి సంపాదనకు ముందే పన్ను లెక్క వేసుకోండి

ఆఫర్ లెటర్‌లో నెలకు రూ.30 వేలు అని ఉంది. ఖాతాలో పడింది మాత్రం రూ.27 వేలు. అడిగితే ‘టీడీఎస్’ అన్నారు. సరే, గవర్నమెంటుకు పోయినట్టుంది అనుకుని ఊరుకుంటారు చాలామంది. నెలకు మూడు వేలంటే ఏడాది తిరిగేసరికి రూ.36 వేలు. ఆ సొమ్ము ఎక్కడికీ పోలేదు. అది మీదే. కానీ అడిగినవాళ్లకే తిరిగొస్తుంది.

ఇప్పుడు ఇంకో అభ్యర్థిని చూద్దాం. బుగ్గారంలో ఇంట్లో కూర్చునే విదేశీ క్లయింటుకు వీడియో ఎడిటింగ్ చేస్తున్నాడు. ఎక్కడా ఒక్క రూపాయి కట్ కాలేదు. వచ్చిందంతా తనదే అనుకున్నాడు. రిటర్ను వేయడానికి కూర్చున్నాక తెలిసింది, పన్నుతోపాటు వడ్డీ కూడా కట్టాలని.

మొదటివారు రావాల్సింది వదిలేసుకున్నారు. రెండోవారు కట్టాల్సింది మరిచిపోయారు. ఇద్దరూ ఖాతాలో పడిన అంకెను చూసే పన్ను లెక్క తేల్చేసుకున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో డిగ్రీ, బీటెక్ ముగించి తొలి సంపాదన మొదలుపెడుతున్న మీరు ఈ రెండు గుంతల్లో దేనిలోనూ పడకూడదంటే.. కొంచెం లెక్క తెలిస్తే చాలు. పదో తరగతి గణితం సరిపోతుంది.

ఇప్పుడే ఎందుకు?

నెల జీతం, పీఎఫ్, సెలవులతో కూడిన ఉద్యోగమే తొలి ఆఫర్‌గా వస్తుందన్న భరోసా తగ్గుతోంది. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 2020-21లో గిగ్ కార్మికులు 77 లక్షల మంది. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అదే నివేదిక అంచనా. డెలివరీ, క్యాబ్‌లే కాదు.. కోడింగ్, డిజైనింగ్, ఆన్‌లైన్ ట్యూషన్లు, గెస్ట్ ఫ్యాకల్టీ, లోన్ ఏజెన్సీలు.. అన్నింటిలోనూ ‘ఉద్యోగి’ అనే మాట బదులు ‘కన్సల్టెంట్’ అనే మాట కనిపిస్తోంది.

చట్టాలూ మారుతున్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను తొలిసారి గుర్తించింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. ‘గత సంవత్సరం’, ‘మదింపు సంవత్సరం’ అనే గందరగోళం పోయి ‘పన్ను సంవత్సరం’ అనే ఒక్క మాటే ఉంటుంది. అయితే 2025-26లో సంపాదించిన దానికి ఈ వేసవిలో వేసే రిటర్ను మాత్రం పాత చట్టం కిందే. అందుకే ఇక్కడ పాత నంబర్లే వాడుతున్నాం.

జీతగాళ్ల పన్ను లెక్క ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు చూసుకుంటారు. మీ విషయంలో ఆ అకౌంట్స్ సెక్షన్ మీరే. అసలు తేడా ఇదే.

రాబడి వేరు.. ఆదాయం వేరు

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆసామి లెక్క చూడండి. యజమాని నుంచి నూలు తెచ్చుకుంటాడు. బట్ట నేసి ఇస్తే మీటరుకు ఇంత అని కూలి ముడుతుంది. ఆ కూలి మొత్తం ఆయన సంపాదన అని ఎవరూ అనరు. అందులోంచే కరెంటు బిల్లు, మగ్గం రిపేర్లు, కార్మికుల కూలి పోవాలి. చివరికి మిగిలిందే ఆయనది.

ఫ్రీలాన్సర్ లెక్క కూడా అంతే. క్లయింటు ఇచ్చేది రాబడి. పని కోసం పెట్టిన ఖర్చులు తీసేయగా మిగిలేది ఆదాయం. పన్ను ఆదాయం మీదే. ఇంటర్నెట్ బిల్లు, సాఫ్ట్‌వేర్ చందా, పని కోసం చేసిన ప్రయాణం, ప్లాట్‌ఫాం తీసుకునే కమీషన్ ఖర్చుల కింద చూపించొచ్చు. బిల్లులు ఉండాలి. ల్యాప్‌టాప్ ధర మాత్రం ఒకేసారి తీసేయడం కుదరదు. కంప్యూటర్లపై ఏటా 40 శాతం తరుగుదల చూపాలి. రూ.60 వేల ల్యాప్‌టాప్ అయితే మొదటి ఏడాది రూ.24 వేలు. కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే.

బిల్లులు దాచడం, పుస్తకాలు రాయడం కష్టమనుకునే వాళ్లకు ఇంకో దారి ఉంది. అదే సెక్షన్ 44ఏడీఏ. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం, అకౌంటెన్సీ, ఆర్కిటెక్చర్, సాంకేతిక సలహా, ఇంటీరియర్ డెకరేషన్, ఐటీ వంటి కొన్ని వృత్తుల వాళ్లు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే లెక్క. సగానికి మించి మిగిలితే ఆ మిగిలిందే చూపాలి. రాబడి పరిమితి రూ.50 లక్షలు. నగదు రాబడి 5 శాతం మించకపోతే రూ.75 లక్షలు. ఐటీఆర్-4 ఫారం సరిపోతుంది.

ఒక జాగ్రత్త. ఈ వృత్తుల జాబితా చిన్నది. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ప్రతి పనీ ఐటీ వృత్తి కాదు. కమీషన్ మీద పనిచేసే ఇన్సూరెన్స్, లోన్ ఏజెంట్లకు ఈ సౌకర్యం లేదు. చిన్న వ్యాపారాలకు ఉన్న 44ఏడీ కూడా వాళ్లకు వర్తించదు. మీ పని ఏ కోవలోకి వస్తుందో మొదటి ఏడాదే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించి తేల్చుకోండి. తర్వాతి ఏడాదుల్లో మీరే చేసుకోవచ్చు.

రూ.12 లక్షల మాటలో మెలిక

‘రూ.12 లక్షల దాకా పన్ను లేదు’ అన్నది అందరూ విన్నదే. నిజమే. కానీ ఎవరికి, దేని మీద అన్నది చూడాలి.

2025-26కు కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్ను లేదు. రూ.4-8 లక్షల భాగంపై 5 శాతం, 8-12 లక్షలపై 10, 12-16 లక్షలపై 15, 16-20 లక్షలపై 20, 20-24 లక్షలపై 25, ఆపైన 30 శాతం. మొత్తం ఆదాయం రూ.12 లక్షలు మించకపోతే రూ.60 వేల దాకా రిబేటు ఇస్తారు. దాంతో పన్ను సున్నా అవుతుంది. పన్ను పడితే దాని మీద 4 శాతం సెస్ అదనం.

మెలికలు మూడు. మొదటిది, జీతగాళ్లకు రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి వాళ్లకు రూ.12.75 లక్షల దాకా పన్ను లేదు. కన్సల్టెంట్‌కు అది లేదు. రెండోది, రిబేటు కొన్ని రకాల ఆదాయానికి వర్తించదు. షేర్లు కొని ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభం, క్రిప్టో లాభం వంటివాటికి ప్రత్యేక రేట్లు ఉంటాయి. మూడోది, మంచిదే. ఆ రూ.12 లక్షలు ఆదాయం లెక్క, రాబడి లెక్క కాదు. 44ఏడీఏ కిందికి వచ్చే ఐటీ కన్సల్టెంట్ ఏడాదికి రూ.18 లక్షలు అందుకుని, సగం ఆదాయంగా చూపితే రూ.9 లక్షలు. పన్ను సున్నా!

రూ.12 లక్షలు కాస్త దాటితే కొంప మునుగుతుందన్న భయమూ అక్కర్లేదు. ఆదాయం రూ.12.10 లక్షలైతే మామూలు లెక్కన పన్ను రూ.61,500 రావాలి. కానీ దాటింది పది వేలే కాబట్టి పన్ను కూడా పది వేలకు మించదు. సెస్‌తో రూ.10,400.

టీడీఎస్ అంటే పన్ను కాదు

టీడీఎస్ అంటే మీకు ఇచ్చేవాళ్లు ముందుగా కట్ చేసి మీ పాన్ మీద జమ చేసే అడ్వాన్సు. మీ అసలు పన్ను ఎంతో వాళ్లకు తెలియదు. చట్టం చెప్పిన శాతం కట్ చేస్తారు, అంతే.

ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి రూ.50 వేలు దాటితే 10 శాతం. టెక్నికల్ సేవలకు 2 శాతం. కాంట్రాక్టు పనికి వ్యక్తులైతే 1 శాతం. కమీషన్ రూ.20 వేలు దాటితే 2 శాతం. పాన్ ఇవ్వకపోతే, లేదా ఆధార్‌తో లింకు కాక పనిచేయకుండా పోతే ఇవి ఒక్కసారిగా 20 శాతానికి ఎగబాకుతాయి. గల్ఫ్‌కో, హైదరాబాద్‌కో పోయేముందు పాసుపోర్టు, సర్టిఫికెట్లు సర్దుకున్నట్టే.. పని మొదలుపెట్టే ముందు పాన్-ఆధార్ లింకు చూసుకోండి.

మొదట చెప్పిన ఉదాహరణకే వద్దాం. నెలకు రూ.30 వేలంటే ఏడాదికి రూ.3.60 లక్షలు. ఖర్చులేవీ తీయకపోయినా రూ.4 లక్షల లోపే. పన్ను సున్నా. కట్ అయింది రూ.36 వేలు. మొత్తం రిఫండ్ రావాలి. రిటర్ను వేస్తేనే వస్తుంది. ఇక్కడ ఇంకో నిబంధన ఉంది. ఏడాదిలో టీడీఎస్ రూ.25 వేలు, అంతకు మించి ఉంటే ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా రిటర్ను వేయడం తప్పనిసరి. అంటే ఈ అభ్యర్థికి రిటర్ను హక్కే కాదు, బాధ్యత కూడా.

‘15జీ ఫారం ఇస్తే కట్ చేయరట కదా’ అని స్నేహితులు చెబుతుంటారు. అది బ్యాంకు వడ్డీ వంటివాటికి. ప్రొఫెషనల్ ఫీజుకు, కాంట్రాక్టు బిల్లుకు పనికిరాదు. వీటికి తక్కువ కట్ కావాలంటే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

కట్ చేసినవాళ్లు ప్రభుత్వానికి కట్టారో లేదో కూడా మీరే చూడాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ కనిపిస్తాయి. జనవరి-మార్చి త్రైమాసికం వివరాలు సంస్థలు మే నెలాఖరు దాకా దాఖలు చేస్తాయి. ఫారం 16ఏ జూన్ మధ్యకు చేతికొస్తుంది. కాబట్టి ఏప్రిల్‌లోనే తొందరపడొద్దు. జూన్ 15 తర్వాత మొదలుపెట్టి జులైలోగా ముగిస్తే గడువు గొడవే ఉండదు. డిసెంబరు 31 కూడా దాటిపోతే రిఫండ్ దారి దాదాపు మూసుకుపోతుంది.

కట్ కాని సొమ్ముతోనే జాగ్రత్త

మన జిల్లాల్లో దుబాయ్, మస్కట్, దోహా జీతాల లెక్క తెలియని ఇల్లు తక్కువ. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు. అక్కడే ఉండి సంపాదించి పంపే ఎన్నారైకి ఆ జీతంపై ఇక్కడా పన్ను లేదు. ఇది విని పెరిగిన మనకు ‘బయటి దేశం డబ్బు’ అంటే పన్ను లేని డబ్బు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. కానీ మీరు బుగ్గారంలో కూర్చుని అదే దుబాయ్ కంపెనీకి పనిచేస్తే సంగతి వేరు. మీరు ఇక్కడి నివాసి. ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చినా అది ఇక్కడ పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. విదేశీ క్లయింటు సాధారణంగా మన టీడీఎస్ కట్ చేయడు. మీరే కట్టుకోవాలి.

ఎప్పుడు కట్టాలి? టీడీఎస్ పోగా ఏడాది పన్ను రూ.10 వేలు, ఆపైన తేలేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ నాలుగు విడతల్లో కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి మొత్తం 45 శాతం, డిసెంబరు 15కి 75 శాతం, మార్చి 15కి 100 శాతం. 44ఏడీఏ కింద చూపేవాళ్లు మార్చి 15లోగా ఒకేసారి కడితే చాలు.

అంకెల్లో చూద్దాం. పుస్తకాలు రాసి అసలు ఖర్చులే చూపుతున్న వీడియో ఎడిటర్‌కు విదేశాల నుంచి రాబడి రూ.14 లక్షలు, ఖర్చులు రూ.లక్ష. ఆదాయం రూ.13 లక్షలు. రెండో శ్లాబుకు రూ.20 వేలు, మూడో శ్లాబుకు రూ.40 వేలు, చివరి లక్షకు రూ.15 వేలు. మొత్తం రూ.75 వేలు. సెస్‌తో రూ.78 వేలు. విడతల వారీగా చూస్తే జూన్‌కు రూ.11,700, సెప్టెంబరుకు మొత్తం రూ.35,100, డిసెంబరుకు రూ.58,500, మార్చికి రూ.78 వేలు.

ఏ విడతా కట్టకుండా జులైలో రిటర్నుతోపాటు ఒకేసారి కడితే? విడతలు తప్పినందుకు రూ.3,939, ఏప్రిల్ నుంచి జులై దాకా నాలుగు నెలలకు నెలకు 1 శాతం చొప్పున రూ.3,120. కలిపి రూ.7,059 వడ్డీ. ఊళ్లో వడ్డీలతో పోలిస్తే తక్కువే అనిపించొచ్చు. అసలు ఇబ్బంది వడ్డీ కాదు. జులైలో రూ.85 వేలు ఒక్కసారిగా తేవాల్సి రావడం. అప్పటికి ఆ డబ్బు బండికో, అక్క పెళ్లికో ఖర్చయిపోయి ఉంటుంది.

అమెరికా లెక్క ఇక్కడ వద్దు

యూట్యూబ్‌లో ఫ్రీలాన్స్ పన్నుల గురించి వెతికితే ‘వచ్చిన దాంట్లో 30 శాతం పక్కన పెట్టండి’ అనే సలహాలు ఎదురవుతాయి. అవి ఎక్కువగా అమెరికా వాళ్లవి. అక్కడ సొంతంగా పనిచేసుకునేవాళ్లు మామూలు ఆదాయపు పన్నుతోపాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా కడతారు. అందుకే ఆ 30 శాతం లెక్క. అక్కడి విడతలు కూడా ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి.

ఇక్కడ ఆ లెక్క పెట్టుకుంటే అనవసర భయం. ఏడాది ఆదాయం రూ.12 లక్షల లోపే ఉంటుందని తేలితే పన్ను కోసం పక్కన పెట్టాల్సింది ఏమీ లేదు. పై ఉదాహరణలో రూ.14 లక్షల రాబడికి పన్ను ఆరు శాతం లోపే. కానీ అమెరికా నుంచి ఒక సంగతి నేర్చుకోవచ్చు. ఆ 15.3 శాతం వాళ్ల వృద్ధాప్య పింఛను, వైద్యం కోసం పోతుంది. మన దగ్గర కన్సల్టెంట్‌కు అలాంటిది ఎవరూ కట్ చేయరు. పన్ను లేదు కదా అని సంబరపడే సొమ్ములో పీఎఫ్ లేదు, ఆరోగ్య బీమా లేదు. పక్కన పెట్టాల్సింది వాటికోసం.

ఆఫర్ ఒప్పుకునే ముందు

రెండు ఆఫర్లు వచ్చాయనుకోండి. ఒకటి రూ.27 వేల జీతం, ఇంకోటి రూ.30 వేల కన్సల్టెంట్ ఫీజు. పైకి రెండోదే ఎక్కువ. పీఎఫ్ వర్తించే సంస్థలో జీతగాడికి యాజమాన్యం తన వాటాగా 12 శాతం కడుతుంది. పీఎఫ్ వేతన పరిమితి రూ.15 వేల మీద లెక్కేసినా నెలకు రూ.1,800. సెలవులు, గ్రాట్యుటీ దీనికి అదనం. ఇవన్నీ కలిపితే ఆ మూడు వేల తేడా చాలావరకు కరిగిపోతుంది. ఫీజు కనీసం ఇంత ఎక్కువ ఉండాలి అని అడగడానికి ఈ లెక్క మీ చేతిలో ఉండాలి.

ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటం వద్దు. ఇది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా? టీడీఎస్ ఏ సెక్షన్ కింద, ఎంత శాతం? ఫారం 16 ఇస్తారా, 16ఏ ఇస్తారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబిస్తే ఆఫర్ అసలు రూపం తెలుస్తుంది. రోజూ తొమ్మిదింటికి రావాలి, సెలవు అడిగి తీసుకోవాలి, ఇంకెక్కడా పనిచేయకూడదు అంటూనే ‘మీరు కన్సల్టెంట్’ అంటున్నారంటే ఆలోచించండి. ఉద్యోగమా, కాంట్రాక్టా అన్నది కాగితం మీద పేరును బట్టే కాదు, పని తీరును బట్టి కూడా తేలుతుంది.

సేవల రాబడి ఏడాదికి రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. అప్పటిదాకా అవసరం లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు కూడా.

చివరగా, ‘రిఫండ్ ఎక్కువ ఇప్పిస్తాం, అందులో ఇంత వాటా ఇవ్వండి’ అనేవాళ్లకు దూరంగా ఉండండి. తప్పుడు మినహాయింపులు చూపి రిఫండ్లు తెప్పించే ఏజెంట్లపై ఆదాయపు పన్ను శాఖ 2025 జులైలో దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. రిటర్ను మీ పాన్ మీద వెళ్తుంది. నోటీసు కూడా మీకే వస్తుంది, ఏజెంటుకు కాదు.

ఈ వారమే చేయండి

- ఒక నోటుబుక్కులో ఐదు గడులు గీయండి: తేదీ, ఎవరిచ్చారు, బిల్లు ఎంత, టీడీఎస్ ఎంత, చేతికొచ్చింది ఎంత. వెనక పేజీలో ఖర్చులు రాయండి.
- పని డబ్బుల కోసం వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఇంటి డబ్బు, పని డబ్బు కలిస్తే ఏది రాబడో చెప్పడం కష్టం.
- పోర్టల్‌లో లాగిన్ అయి 26ఏఎస్ చూడండి. మీ నోటుబుక్కుతో సరిపోలకపోతే సంస్థను మెయిల్‌లో అడగండి. నోటి మాటగా వద్దు.
- రిఫండ్ వచ్చే ఖాతాను పోర్టల్‌లో ధ్రువీకరించుకోండి.
- మార్చి 15లోగా పన్ను తేలుతుందేమో లెక్కేయండి. తేలితే ‘ఈ-పే ట్యాక్స్’లో అడ్వాన్స్ ట్యాక్స్ ఎంచుకుని కట్టండి.
- నాన్న పేరున ఉన్న పొలం ఆదాయం మీది కాదు. మీ రిటర్నులో కలపొద్దు.

పన్ను పడని ఏడాదిలోనూ వేసిన రిటర్ను ఊరికే పోదు. రేపు బ్యాంకు లోన్‌కైనా, విదేశీ చదువు వీసాకైనా ‘నీ సంపాదనకు రుజువేది’ అని అడుగుతారు. జీతగాడు పే స్లిప్ చూపిస్తాడు. పే స్లిప్ లేని మీకు ఆ రిటర్నే రుజువు.